నా జోడీ కుడికాలు

మా తాలీములో పొద్దున అయిదు గంటలకు మొదటి పని కుస్తీ కాదు, మట్టి తవ్వడం. పారతో ఎర్రమట్టిని తిరగేసి, గడ్డలు చితగ్గొట్టి మెత్తగా చేయాలి. ఆ మట్టిలో పసుపు, నూనె, మజ్జిగ, నిమ్మరసం కలుపుతారు. నా బట్టలకు ఆ వాసన అంటుకుని వస్తుందని మా అవ్వ రోజూ గొణుగుతుంది. తవ్వడం అయ్యాక మారుతికి దండం పెట్టి జోర్లు, బైఠక్‌లు మొదలుపెడతాం. తెలుగు పుస్తకాల్లో వీటిని దండీలు, బస్కీలు అని రాస్తారు. మేము సోలాపూర్ వాళ్ళం, మాకు మరాఠీ మాటే నోటికి వస్తుంది. ఇదంతా ఎవరికి వాళ్ళం ఒంటరిగా చేసేది. ఆ తర్వాత జోడీ జోడీగా మట్టిలోకి దిగి డావులు నేర్చుకుంటాం, చివరికి లఢత్ ఆడతాం.

నేను ఏడో తరగతిలో తాలీముకు పోవడం మొదలుపెట్టాను. నాతోపాటు మా గల్లీలోనే మూడిళ్ళ అవతల ఉండే నా దోస్తు కూడా చేరాడు. ఇద్దరం ఒకే తరగతి, ఒకే బెంచి. వస్తాద్ మొదటి రోజే మమ్మల్ని జోడీ కట్టాడు. అప్పటి నుంచి వాడి పేరు కంటే "నా జోడీ" అనే మాటే నాకు అలవాటైంది. నేను వాడికంటే ఆరు కిలోలు బరువు. అందుకని, లేకపోతే నేను ముందు అరుస్తాను కాబట్టి, కొత్త డావు ఏది నేర్పినా ముందు నేను వేసేవాణ్ణి, వాడు పడేవాడు. నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఏకేరి పట్. ఎదుటివాడి ఒక కాలు పట్టుకుని లేపి పడేయడం. వాడు కుడికాలు ముందుకు వేయగానే నేను వంగి దూకేవాణ్ణి. పదిసార్లలో తొమ్మిదిసార్లు పట్ పడేది. తాలీములో పట్ అంటే నాదే అని నాకు గర్వం ఉండేది.

నిరుడు దసరా ముందర వాడి అమ్మ నీళ్ళ దగ్గర జారిపడింది, కుడి మణికట్టు విరిగింది. వాళ్ళింట్లో రెండు సాంచాలు ఉన్నాయి, టవళ్ళు నేస్తారు. ఆ రెండింటికీ కండెలు చుట్టేది ఆమెనే. కూలి ఇచ్చి మనిషిని పెట్టుకుంటే ఇంక మిగిలేదేమీ ఉండదు. నాలుగు రోజులు వాడు తాలీముకు రాకపోతే నేనే వాళ్ళింటికి పోయాను.

"ఎందుకు వస్తలేవు రా?"

"కండెలు ఎవరు చుట్టాలె? పొద్దున ఒక గంట, బడి నుంచి వచ్చినంక రెండు గంటలు. అవ్వ చెయ్యి బాగయినంక వస్త."

నేను సరే అని వచ్చేశాను. పాపం అనుకున్నాను కానీ, నిజం చెప్పాలంటే అప్పుడు నా బాధ అంతా నా గురించే. నాకు జోడీ లేకుండా పోయాడు.

వస్తాద్ నన్ను పెద్దపిల్లల దగ్గరికి పంపాడు. రెండు రోజులు ఆడాను. వాళ్ళు నన్ను నులకమంచం తిప్పినట్టు తిప్పి మట్టిలో వేశారు. చెవి గీసుకుపోయింది, నోట్లోకి మట్టి పోయింది. మూడో రోజు మోకాలు నొస్తోందని అబద్ధం చెప్పాను. "కొన్ని రోజులు ఒక్కణ్ణే మెహనత్ చేసుకుంట వస్తాద్" అన్నాను. ఆయన నా మోకాలి వైపు చూశాడు, ఏమీ అనలేదు.

అట్లా నాలుగు నెలలు ఒంటరిగా చేశాను. నాకు అది చాలా నచ్చింది కూడా. ఒంటరిగా చేసేటప్పుడు మనల్ని ఎవరూ పడేయరు. మేడ మీద గోడకు బొగ్గుతో లెక్క రాసుకునేవాణ్ణి. దీపావళికి 40 జోర్లు, 100 బైఠక్‌లు. సంక్రాంతికి 100 జోర్లు, 300 బైఠక్‌లు. తొడలు గట్టిపడ్డాయి, పాత ప్యాంటు పట్టడం మానేసింది. మా తాత నన్ను చూసి కోడి రామమూర్తి కథ చెప్పేవాడు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామం చేసి, ఇనుప గొలుసులు తెంపి, కదిలే మోటారు కార్లను ఆపి "కలియుగ భీముడు" అనిపించుకున్న మనిషి. కథ అయ్యాక నేను ఇంకో ఇరవై జోర్లు తీసేవాణ్ణి. బలం అంటే నా మనసులో అదే బొమ్మ ఉండేది. చుట్టూ జనం, మధ్యలో ఒక్క మనిషి. మా మార్కండేయ రథోత్సవంలో నారళీ పూర్ణిమ నాడు పెద్దపిల్లలు శక్తి ప్రయోగాలు చేస్తూ నడిస్తే జనం చప్పట్లు కొడతారు కదా, అట్లా.

జోర్లు అయ్యాక మేడ మీదే గాలిలో డావులు వేసేవాణ్ణి. ఎదుట నా జోడీ ఉన్నట్టు, వాడి కుడికాలు ముందుకు వచ్చినట్టు అనుకుని, మోకాలు నేలకు ఆనించి దూకి పట్టుకునేవాణ్ణి. రోజుకు యాభైసార్లు. ఒక్కసారి కూడా తప్పలేదు. గాలి ఎట్లా తప్పించుకుంటుంది?

ఫిబ్రవరిలో అక్కల్‌కోట్ తాలూకాలో ఒక ఊరి జాతరకు వస్తాద్ మమ్మల్ని తీసుకుపోయాడు. అక్కడ కుస్తీకి ముందే పేర్లు రాసుకోరు. పంచ్‌లు మైదానంలోనే ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టి, భుజాలు చూసి జోడు కడతారు. నాకు వంద రూపాయల కుస్తీ దొరికింది. ఎదుటివాడు నాకంటే పొట్టి, కాళ్ళు సన్నగా ఉన్నాయి. నేను లోపల నవ్వుకున్నాను. హల్గీ మోగుతోంది. సలామీ చేసి చేతులు కలిపాం.

వాడు ఎడమకాలు ముందు పెట్టి నిలబడ్డాడు.

ఇంత చిన్న సంగతి. నేను వాడి కుడికాలు ఎప్పుడు వస్తుందా అని చూస్తూ నిలబడ్డాను. అది రాలేదు. వాడు అటూ ఇటూ జరుగుతున్నాడు, నా మెడ మీద చెయ్యి వేసి లాగుతున్నాడు. చివరికి ఓపిక లేక, రాని కాలి కోసమే దూకాను. వాడు కాలు వెనక్కి తీసుకుని బరువంతా నా మెడ మీద వేశాడు, గిర్రున తిరిగి వెనక్కి వచ్చాడు. తర్వాత నాకు ఆకాశం కనపడింది. రెండు భుజాలూ నేలకు తగిలాయి. చిత్. ఒక నిమిషం కూడా అయి ఉండదు. నా 300 బైఠక్‌లలో మూడు కూడా అక్కడ పనికి రాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు టెంపోలో వస్తాద్ నా పక్కన కూర్చున్నాడు. చాలాసేపటికి మరాఠీలో ఒక్క మాట అడిగాడు. "ఎవరితో ఆడినవ్ నువ్వు? ఆ పిల్లగాడు ఎదుటనే ఉండె. నువ్వు వాణ్ణి చూడనే లేదు."

ఆ రాత్రి నా జోడీ ఇంటికి పోయాను. వాడు కండెలు చుట్టే మిషను ముందు కూర్చుని ఉన్నాడు, పక్క గదిలో సాంచా టకటక కొట్టుకుంటోంది. అరిచి అరిచి జరిగిందంతా చెప్పాను. వాడు నవ్వాడు.

"వాడు కుడికాలు పెట్టలేదు రా," అన్నాను.

"ఎందుకు పెడతడు? నేనైతే పెడుతుంటి."

"అంటే?"

"పెట్టకపోతే నీకు పట్ పడదు. పట్ పడకపోతే నీకు కోపం. మళ్ళా చెయ్యి, మళ్ళా చెయ్యి అంటవు. పెడితే జల్ది అయిపోతది."

అంతలో పోగు తెగింది. వాడు మిషను ఆపి ముడి వేసుకుంటూ కూర్చున్నాడు. నాకు ఏమనాలో తెలియలేదు. నేను నాలుగు నెలలు ఒంటరిగా చేశానని అనుకున్నాను. సరిగ్గా లెక్క వేస్తే రెండేళ్ళు దాటింది. మట్టిలో ఇద్దరం ఉన్నా సాధన చేసింది నేనొక్కణ్ణే. వాడు నాకు మల్లఖాంబ్ అయ్యాడు.

మల్లఖాంబ్ చూడనివాళ్ళ కోసం చెప్తాను. ఆముదం రాసిన నున్నని కొయ్యస్తంభం అది. మన సోలాపూర్‌కు తూర్పున ఉన్న బసవకల్యాణ్ రాజధానిగా ఏలిన చాళుక్యరాజు సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాయించిన మానసోల్లాసంలో మల్లుల సాధనలో ఈ స్తంభం మాట ఉంది. తర్వాత రెండో బాజీరావు పీష్వా కాలంలో బాళంభట్ దేవధర్ అనే గురువు దాన్ని మళ్ళీ వాడుకలోకి తెచ్చారు. జోడీ లేనప్పుడు మల్లుడు దాన్నే మనిషి అనుకుని పట్టుకుని, ఎక్కి, తిరగాలి. పట్టు, ఒంటి వంపు బాగా వస్తాయి. కానీ అది స్తంభం, దానికి ఎడమకాలు ముందు పెట్టాలనే ఆలోచన రాదు. స్తంభాన్ని మనిషి అనుకోవడంలో తప్పు లేదు. నేను మనిషిని స్తంభం చేశాను.

మా పీటీ సార్ జూడో నేర్చుకున్నవారు. ఆయనను అడిగితే ఇంకో సంగతి చెప్పారు. జపానులో కానో జిగోరో 1882లో కోడోకాన్ అనే జూడో బడి పెట్టారట. అందులో ముందే నిర్ణయించిన కదలికలను కాటా అంటారు, స్వేచ్ఛగా ఆడేదాన్ని రందోరి అంటారు. కాటాలో కూడా ఎక్కువగా ఇద్దరు ఉంటారు. పడేవాడికి ఉకే అని ఒక పేరు ఉంది. ఉకే ఊరికే నిలబడకూడదు, నిజంగా మీదికి రావాలి, లేకపోతే వేసేవాడికి ఏమీ రాదు. అన్నిటికంటే ముందు పడడమే నేర్పిస్తారట. మా తాలీములో పడేవాడికి పేరు లేదు. నేనైతే అడగనూ లేదు.

మా తాలీము గోడ మీద ఖాశాబా జాధవ్ ఫోటో ఉంది. సాతారా జిల్లా మనిషి, 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చారు. అంతకుముందు 1948లో లండన్‌లో ఆరో స్థానం. మట్టిలో పెరిగి, మ్యాట్ మీద, ఎప్పుడూ చూడని దేశాలవాళ్ళతో ఆడి ఓడిపోయి, మళ్ళీ నాలుగేళ్ళకు పోయారు. ఇన్నాళ్ళూ ఆ ఫోటోలో కండలే చూశాను. ఆయన ఎన్ని రకాల కాళ్ళు చూసి ఉంటారో అని ఇప్పుడు అనిపిస్తుంది.

మోకాలి అబద్ధం వస్తాద్‌కు చెప్పేశాను. ఆయనకు ముందే తెలుసట. వారం రోజులు మట్టి అంతా నేనొక్కణ్ణే తవ్వాలని శిక్ష వేశాడు. ఇప్పుడు పొద్దున జోర్లు, బైఠక్‌లు, వారానికి మూడు సాయంత్రాలు పెద్దపిల్లలతో లఢత్. జోర్లు తగ్గించలేదు. పడ్డాక లేవడానికి ఊపిరి కావాలి కదా, నేను ఇప్పుడు చాలాసార్లు పడుతున్నాను. మేడ మీద గాలిలో డావు వేసేటప్పుడు మాత్రం ఒకసారి కుడికాలు, ఒకసారి ఎడమకాలు, ఒకసారి అసలు కాలే రాలేదని అనుకుంటాను. మూడోది చాలా కష్టం. ఏమీ చేయకుండా ఆగాలి.

ఆదివారం పొద్దున నేను నా జోడీ ఇంటికి పోతాను. ఇద్దరం చుడితే కండెలు గంటలో అయిపోతాయి. నావి వదులుగా వస్తాయి, వాళ్ళ నాయిన వాటిని వేరే గంపలో పెడతాడు. ఆ తర్వాత ఇద్దరం తాలీముకు పోతాం. మొదటి ఆదివారమే ముందు నువ్వు వెయ్యి అన్నాను. వాడు ధోబీపఛాడ్ వేశాడు. చాకలి బట్టను బండకేసి కొట్టినట్టు భుజం మీంచి తీసి వేసే డావు అది. ఆరు కిలోలు ఎక్కువ ఉన్న నన్ను ఎట్లా ఎత్తాడో ఇప్పటికీ నాకు తెలియదు.

"ఇది ఎప్పుడు నేర్చుకున్నవ్ రా?"

"నీ కింద పడుకుని పెద్దోళ్ళను చూసుకుంటనే."

మేడ మీద గోడకు నా జోర్ల లెక్క పక్కన వాడు ఇంకో గీత గీసి, ఆదివారం ఎవరు ఎన్నిసార్లు పడ్డామో రాయడం మొదలుపెట్టాడు. పోయిన ఆదివారం నేను 7, వాడు 4. వాడి అమ్మ చెయ్యి ఇంకా పూర్తిగా ముడుచుకోవడం లేదు, అయినా మేడ ఎక్కి వచ్చి ఆ లెక్క చూసి నవ్వింది. మా అవ్వ మాత్రం ఆ బొగ్గు గీతలన్నీ తుడిచేయమంటోంది. రథోత్సవం వస్తోంది, గోడకు సున్నం వేయాలట.