కాక ముక్కు, పోరగాళ్ల చెయ్యి

పసుపు కల్లంల ఎండుతున్నది, జర తీరిక దొరికింది, అందుకే రాస్తున్న.

మా కోరుట్ల దిక్కు చానామంది ఆవిరి డ్రమ్ములకు పోయిండ్రు. మాకు ఇంకా పెద్ద కడాయే. ఉడికిచ్చుడంతా మా కాకది, నలభై ఏండ్లకెళ్లి అదే పని. పోయినేడు ఆయనకు జ్వరమొచ్చింది. రెండు సీజన్లు ఆయన పక్కనే ఉన్న ఇద్దరు బీహార్ పోరగాళ్లకు అప్పజెప్పిన. ఒక వాయి పచ్చిగ దించిండ్రు, ఇంకో వాయి మెత్తగ జేసిండ్రు. మార్కెట్ల ఏం ధర పలికిందో చెప్పుకుంటే సిగ్గు.

వాళ్లను తిట్టిన గని తప్పు నాదే. రెండేండ్లు వాళ్లు కట్టెలు మోసిండ్రు, బుట్టలు ఎత్తిండ్రు. ఎప్పుడు దించాలె అన్నది కాక ఒక్కడే చూసుకున్నడు.

కాకను నేర్పుమంటే "చూసి నేర్చుకోమను, నాకెవడు చెప్పిండు?" అన్నడు. మల్ల అడిగితే అసలు మాట బయటపడ్డది: "నేర్పినంక నన్నెందుకు పిలుస్తవ్ రా?"

సిరిసిల్లల మా మేనల్లుడు సాంచెలు నడుపుతడు. ఆడ గూడ ఇదే కత. "మామా, మాది మీటరు లెక్కన కూలి. కొత్తోనికి తెగిన పోగు ముడేసుడు చూపెట్టేటాళ్లకు నా సాంచె ఆగుతది. ఆ పైసలు ఎవరిస్తరు?" అన్నడు.

అందుకే ఈ ఏడు కాకతోని ముందే మాట అనుకున్న: నేర్పిన దినాలకు కూలి వేరే, ఓపికున్నన్ని ఏండ్లు కడాయి ఆయనదే. ఒక్కటే షరతు, చేతులు ఎనుకకు కట్టుకొని కూసోవాలె.

అసలు తిప్పలు అప్పుడు మొదలైంది. "ఉడికిందా చూడు" అంటడు, ఏం చూడాలెనో చెప్పడు. ఆయనకే తెల్వది! అడుగంగ అడుగంగ ఒక్కొక్కటి బయటికొచ్చింది. గోళ, కొమ్ము కలపొద్దు, గోళకు ఎక్కువసేపు పడుతది. నురుగు పొంగి, తెల్లటి ఆవిరితోని పసుపు వాసన గుప్పుమనాలె. కొమ్మును ఏళ్లతోని ఒత్తితే మెత్తగ తగలాలె, పుల్ల గుచ్చితే అడ్డం లేకుండ దిగాలె. సన్నాల ముచ్చట అయితే పొలాస సార్లు జగిత్యాలల మంచిగ చెప్తరు, గని ఈ ఒత్తుడు ఎవరి ఏళ్లకు వాళ్లే నేర్చుకోవాలె. హిందీ రాని కాక పోరని చెయ్యి పట్టుకొని ఒత్తిపిచ్చిండు.

మూడో వాయి కొంచెం పచ్చిగనే దించబోయిండ్రు. కాక లేవబోతే నేనే భుజం పట్టి ఆపిన. పోరడు పుల్ల గుచ్చి, తల అడ్డంగ ఊపి, కింద ఇంకో కట్టె ఎగేసిండు. కాక నా దిక్కు చూసి బీడీ ముట్టిచ్చుకున్నడు.

నేర్పినందుకు నేనిచ్చింది దినానికి ఒక కూలి. మీ దిక్కు ఎవరన్న ఇస్తున్నరా, ఎంత ఇస్తున్నరో రాయుండ్రి.