ఘాటెక్కితేనే చుక్కలు!

మాడుగులలో హల్వా పొట్లం కట్టించుకుని, ఘాట్ రోడ్డు వంపులన్నీ తిరిగి పాడేరు చేరేసరికి సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తుకి వచ్చేసినట్టే. విశాఖ నుంచి ఇక్కడికి సుమారు 110 కిలోమీటర్లు. వచ్చినవాళ్లలో చాలామంది రాత్రి తొందరగా పడుకుంటారు. తెల్లవారుజామునే వంజంగి కొండెక్కి మబ్బుల సముద్రం చూడాలి కదా మరి! అమావాస్యకు అటూ ఇటూ వెళ్లినవాళ్లు మాత్రం అలా నిద్రపోతే నష్టపోతారు. ఊరి దీపాలు దాటి నాలుగైదు కిలోమీటర్లు వెళ్లి, కారు లైట్లు ఆర్పేసి పావుగంట ఓపిక పడితే చాలు. కాఫీతోటల్లోని సిల్వర్ ఓక్ చెట్ల పైన పాలపుంత పరచుకుని కనిపిస్తుంది. పెద్దవాళ్లు పిల్లలకోడి అని పిలిచే కృత్తికల గుంపులో చుక్కలు ఒక్కొక్కటిగా బయటపడతాయి.

విశాఖలో డాబా మీద చిన్న టెలిస్కోపుతో చందమామను చూసి చూసి, ఇక కంప్యూటర్ ఉన్న పెద్దది కొందామా అని ఆలోచించే కుటుంబాలు డబ్బు కట్టేముందు ఒకసారి ఈ చీకట్లో నిలబడి చూడటం మంచిది. ఎందుకంటే ఎనిమిది అంగుళాల కంప్యూటర్ టెలిస్కోపు అంటే లక్షకు పైమాటే.

ఇంతకీ ఆ కంప్యూటర్ చేసేదేమిటి? తేదీ, సమయం, ఊరు చెప్పి, రెండు మూడు ప్రకాశవంతమైన నక్షత్రాలను చూపిస్తే ఆకాశపటం మొత్తం దానికి అర్థమైపోతుంది. తర్వాత రిమోట్‌లో శని అని నొక్కితే మోటార్లు కుయ్‌మంటూ తిరిగి గొట్టం శనివైపు నిలబడుతుంది. భూమి తిరుగుతున్నా గ్రహం చూపులోంచి జారిపోకుండా వెంబడిస్తుంది. దీన్నే ‘గోటూ’ అంటారు. సెలెస్ట్రాన్ నెక్స్‌స్టార్ రకాల జాబితాలో 40 వేల పైచిలుకు పేర్లున్నాయి. అయితే విశాఖ డాబా మీద నుంచి ఆ 40 వేలూ కనిపిస్తాయనుకుంటే పొరపాటే! చంద్రుడు, శని వలయాలు, గురుడి నాలుగు చందమామలు, జంట నక్షత్రాలు... వీటిని నగర దీపాలు పెద్దగా ఇబ్బంది పెట్టవు. నిహారికలు, గెలాక్సీల సంగతి వేరు. వీధిదీపాల తెల్లటి వెలుగులో అవి కలిసిపోతాయి. టెలిస్కోపు సరిగ్గా అక్కడికే తిరుగుతుంది, కంటికి మాత్రం ఏమీ ఆనదు. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆండ్రోమెడా గెలాక్సీ అయితే మంచి చీకట్లో మామూలు కంటికే మసక మరకలా కనిపిస్తుంది.

ఇది విశాఖకు కొత్త పాఠమేమీ కాదు. 1840లో గోడే వెంకట జగ్గారావు నక్షత్రశాల పెట్టుకున్నది ఇప్పటి డాబాగార్డెన్స్‌లోనే. ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిపోవడాన్ని విశాఖ నుంచే పరిశీలించారు. ఇవాళ అక్కడ నిలబడితే రాత్రికీ పగటికీ పెద్ద తేడా తెలియదు. హైదరాబాదులోనూ అదే కథ. బేగంపేటలో నిజామియా నక్షత్రశాల ఉండగానే, ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల టెలిస్కోపును నగరానికి దూరంగా జపాల్-రంగాపూర్‌లో పెట్టాల్సి వచ్చింది. విశ్వవిద్యాలయాలే ఊరు దాటి వెళ్తే మన డాబా ఎంత!

కాబట్టి అద్దం ఎన్ని అంగుళాలన్న ప్రశ్న కంటే ముందు, ఘాట్ ఎక్కించగలమా అని అడగాలి. ఎనిమిది అంగుళాల అద్దం నాలుగు అంగుళాలదానికి నాలుగు రెట్లు వెలుగు పోగుచేస్తుంది, నిజమే. కానీ నెక్స్‌స్టార్ ‘8ఎస్ఈ’ స్టాండుతో కలిపి దాదాపు 15 కిలోలు. అదే ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ అయితే గొట్టమే నాలుగడుగులు, వెనక సీటు మొత్తం దానిదే. పిల్లలు ఎక్కడ కూర్చుంటారు? పైగా ఘాట్ కుదుపులకు అద్దాల అమరిక చెదిరితే పైకి వెళ్లాక మళ్లీ సరిచేసుకోవాలి. నాలుగైదు అంగుళాల గోటూ ఒంటిచేత్తో కిందికి దిగుతుంది, డిక్కీలో పడుతుంది. ఏడాదికి నాలుగుసార్లు పాడేరు వచ్చే చిన్న టెలిస్కోపు, డాబా మీద కవరు కప్పుకుని ఉండే పెద్దదానికంటే ఎక్కువే చూపిస్తుంది. ఒక్క మినహాయింపు... గ్రహాలే చాలు, ఊరు దాటం అనుకునేవాళ్లు నిక్షేపంగా పెద్దదే తీసుకోవచ్చు.

2023లో వచ్చిన సీస్టార్ ఎస్50 లాంటివి మరో దారి. బరువు రెండున్నర కిలోలే. ఫొటో మీద ఫొటో పేర్చి నిహారికను ఫోన్‌లో చూపిస్తుంది. నగర వెలుగునూ కొంత తట్టుకుంటుంది. కన్ను పెట్టి చూసే కటకమే ఉండదు. ఇంటిల్లిపాదీ సోఫాలో కూర్చుని ఫోన్ చూడటానికి ఇంత దూరం ఎందుకని తాతయ్య అడిగితే జవాబు చెప్పడం కష్టం!

పాడేరుకు తెచ్చేవాళ్లు స్టాండు విషయంలో మరో సంగతి గమనించాలి. ధ్రువ నక్షత్రం ఇక్కడ దిక్చక్రానికి 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. అంటే చాచిన చేతి రెండు పిడికిళ్ల కంటే తక్కువ. ఉత్తరాన ఓ కొండ అడ్డొస్తే అంతే సంగతులు. ధ్రువుడి ఆధారంగా అమర్చే ఈక్వటోరియల్ స్టాండు అప్పుడు చిక్కు తెచ్చిపెడుతుంది. ఏ మూడు చుక్కలైనా సరే అనే గోటూకి ఆ బెంగ లేదు. అదే 18 డిగ్రీల లెక్క దక్షిణాన వరమైంది. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి పది దాటాక దక్షిణ దిక్కు తెరిపిగా ఉన్నచోట నిలబడితే ఒమెగా సెంటారీ కనిపిస్తుంది. లక్షల నక్షత్రాల ముద్ద అది. లండన్‌లో ఎంత పెద్ద టెలిస్కోపు ఉన్నా దాన్ని చూడలేరు.

2022 ఏప్రిల్ 4 నుంచి పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రం. కార్యాలయాలతోపాటే దీపాలూ వచ్చాయి. అందుకే ఊరు దాటి వెళ్లమనడం. పొలంలోనో తోటలోనో దిగేముందు ఆ ఊరివాళ్లను అడగాలి. చలికి బ్యాటరీలు త్వరగా నీరసిస్తాయి, విడిగా 12 వోల్టుల పవర్‌ప్యాక్ ఉంటే కారు బ్యాటరీ జోలికి పోనక్కర్లేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులే కాబట్టి రాకపోవడమే మేలు. చలికాలంలో చీకటి పడగానే మొదలుపెట్టేయాలి. రాత్రి ముదిరేకొద్దీ ముందున్న గాజుపలక మీద తేమ చేరుతుంది. ఫోమ్ షీటు గొట్టంలా చుట్టి తొడిగితే ఇంకో గంట నెట్టుకురావచ్చు. ఆ తర్వాత లోయలోంచి మంచు లేస్తుంది. మూత బిగించి, హల్వా పొట్లం విప్పడమే. వంజంగికి బయల్దేరేవాళ్ల జీపులు అప్పటికి స్టార్టవుతుంటాయి.