మోదుగుపువ్వు పక్కన ఉండాల్సిన పుట

పాత పూల బొమ్మ చేతికి రాగానే నేను ముందు భూతద్దం తీస్తాను. ఆఫ్‌సెట్‌లో అచ్చయిన నకలైతే రంగు చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. చేత్తో అద్దిందైతే నీటిరంగు ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా కాగితంలోకి ఇంకి ఉంటుంది. నా దగ్గరున్న మోదుగుపువ్వు బొమ్మలో ఒక రేకు అంచున నారింజరంగు నల్లగీత దాటి వెంట్రుకవాసి బయటికొచ్చింది. కుంచె పట్టిన చెయ్యి అక్కడ తొణికింది. ఆ చోటంటే నాకు ప్రాణం.

ఇది విలియం రాక్స్‌బర్గ్ ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’లోది. మొదటి సంపుటం 1795లో లండన్‌లో వచ్చింది. మొత్తం మూడు సంపుటాలు, 300 బొమ్మలు. కానీ ఆ పనికి పునాది పడింది మన సామర్లకోటలో. ఈస్టిండియా కంపెనీ వైద్యుడైన రాక్స్‌బర్గ్ అక్కడ తోట వేసి, ఇక్కడి చిత్రకారుల చేత మొక్కలు గీయించాడు. లండన్‌లో వాటిని రాగిరేకుల మీద చెక్కి, అచ్చువేసి, ప్రతి కాగితానికీ విడిగా రంగులద్దారు. పుస్తకం మీద రాక్స్‌బర్గ్ పేరుంది. గీసినవాళ్ల పేర్లు లేవు.

నన్ను మార్చింది మాత్రం ఆ పుస్తకంలోని రాత. మోదుగు బెరడు నుంచి ఎర్రటి బంక కారుతుందని, పటికనీళ్లలో తడిపిన నూలుగుడ్డకు ఈ పూల కషాయం మంచి పసుపు పట్టిస్తుందని రాక్స్‌బర్గ్ రాశాడు. హోళీకి మోదుగుపూలు మరిగించే ఊళ్లవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. కానీ అది చదివాక బొమ్మ ఒక్కటే చూసి తృప్తిపడటం నావల్ల కాలేదు. అంగట్లో దొరికే విడి బొమ్మల్లో చాలావాటి వెంట ఈ పుట ఉండదు. కుట్టు విప్పి విడివిడిగా అమ్మితే ఎక్కువ డబ్బొస్తుందని పుస్తకాల్ని కోస్తారు. బొమ్మలు ఫ్రేముల్లోకి చేరతాయి, రాత చెత్తలోకి పోతుంది. ఇది నాకు పుస్తకాన్ని చంపడంలాగే అనిపిస్తుంది.

అందుకే ఈమధ్య కోసిందని తెలిస్తే ఎంత అందమైన బొమ్మైనా కొనను. ఏనాడో విడిపోయింది దొరికితే, బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఆ రాత వెతికి, అచ్చు తీసి, బొమ్మతోపాటే దాస్తాను.

ఇప్పుడు చిరివేరు బొమ్మ కోసం చూస్తున్నాను. బందరు కలంకారీకి ఎరుపునిచ్చిన మొక్క అది. పువ్వు తెల్లగా, ఇంతంటే ఇంతే ఉంటుంది. గోడకు తగిలించుకోవాలని ఎవరికీ అనిపించదు. దాని వేళ్లతో అద్దకం వేసే తీరును మాత్రం రాక్స్‌బర్గ్ తీరిగ్గా, వివరంగా రాశాడు.