పాల సబ్బు, మూడు వాసనలు

పాలతో ఇంట్లో సబ్బు చేసేవారికి మూడు చెడు వాసనలు ఎదురవుతాయి: మాడు వాసన, అమ్మోనియా ఘాటు, కనరు. మొదటి రెండూ తయారీ రోజునే తెలుస్తాయి. మూడోది నెలలు గడిచాక బయటపడుతుంది.

నూనె, కాస్టిక్ సోడా కలిస్తే సబ్బూ గ్లిజరినూ ఏర్పడతాయి. అరకిలో కొబ్బరినూనె పూర్తిగా సబ్బు కావడానికి సుమారు 91 గ్రాముల సోడా పడుతుంది. సబ్బు చర్మాన్ని పొడిబార్చకుండా, 5 శాతం నూనె మిగిలేలా 87 గ్రాములే వేస్తారు. ఇంత సోడా కరగడానికి 200 గ్రాముల పాలు చాలు.

చిక్కంతా ఆ కరగడంలోనే ఉంది. సోడా కరిగేటప్పుడు విపరీతమైన వేడి పుడుతుంది. ఆ వేడికి పాలలోని లాక్టోజ్ పసుపు పచ్చగా, తర్వాత నారింజ, గోధుమ రంగుల్లోకి మారి, అడుగంటిన కోవాలా మాడు వాసన వేస్తుంది. మాంసకృత్తులు విరిగి అమ్మోనియా వెలువడుతుంది.

దీనికి విరుగుడు చల్లదనం. పాలను గడ్డకట్టించి, మంచునీళ్లలో నిలిపిన స్టీలు గిన్నెలో వేసి, సోడాను కొంచెం కొంచెంగా చల్లుతూ కలపాలి. అల్యూమినియం గిన్నె పనికిరాదు. సోడా దాన్ని తినేసి హైడ్రోజన్ వాయువును వదులుతుంది. చేతికి తొడుగులు, కంటికి అద్దాలు తప్పనిసరి. మరో పద్ధతిలో సోడాను దాని బరువుకు సమానమైన నీళ్లలో కరిగించి చల్లార్చి, మిగతా ద్రవం కొలతకు సరిపడా చల్లని పాలను నూనెలో కలుపుతారు. ఏ పద్ధతిలోనైనా సోడా ద్రావణాన్ని నూనెలో కలిపి అచ్చులో పోశాక గుడ్డ కప్పకుండా ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచితే లోపలి వేడి పెరగదు. గాలి తగిలే చోట నాలుగు నుంచి ఆరు వారాలు ఆరేసరికి అమ్మోనియా ఘాటు పోతుంది. రంగు మాత్రం నిలిచిపోతుంది.

కనరు ఆరబెడితే పోయేది కాదు. సబ్బుగా మారని కొవ్వు గాలితో కలిసి చెడడమే దానికి కారణం. నారింజ మచ్చలు దాని గుర్తు. సువాసన నూనెలు కలిపినా అది దాగదు. పొద్దుతిరుగుడు నూనె త్వరగా కనరుతుంది, కొబ్బరినూనె చాలాకాలం నిలుస్తుంది. ఇనుము, రాగి తగిలితే చెడడం వేగమవుతుంది. పాల వెన్ననూ లెక్కలోకి తీసుకోవాలి: 200 గ్రాముల గేదె పాలలో 12 నుంచి 14 గ్రాముల వెన్న ఉంటుంది, అంటే మిగులు కొవ్వు 5 శాతం నుంచి 7 శాతం దాటుతుంది. అందుకే వెన్న తీసిన పాలు, తాజా నూనె వాడి, ఆరిన సబ్బును తేమా ఎండా తగలని చోట దాచాలి. వారం వారం తగ్గే వాసన అమ్మోనియాది. పెరుగుతూ పోయేది కనరు, ఆ సబ్బును పారేయాల్సిందే.