పింగాణీ కన్ను

జనవరి 4, బెల్‌ఫాంట్, పెన్సిల్వేనియా

బయట మోకాలి లోతు మంచు. స్ప్రింగ్ క్రీక్ మాత్రం పారుతూనే ఉంది. సున్నపురాతి ఊటల నీళ్లు కాబట్టి ఇంత చలిలోనూ గడ్డకట్టవు. చలికాలం సాయంత్రాలు ఫ్లైలు కట్టడం నేర్చుకుందామని తెప్పించిన పెట్టె ఈరోజు తెరిచాను. ఫ్లై అంటే, గాలపు ముల్లు మీద ఈకలూ బొచ్చూ దారంతో బిగించి, ట్రౌట్ చేప తినే పురుగు రూపు తేవడం. పెట్టెలో పదకొండు పనిముట్లున్నాయి. మొదటి ఫ్లై పూర్తయ్యేలోపు దారం నాలుగుసార్లు తెగింది. ముల్లును పట్టి ఉంచే వైసులోంచి అది రెండుసార్లు జారింది.

జనవరి 7

అమ్మకు ఫోన్ చేసి దారం సంగతి చెప్పాను. చీరాలలో ఇప్పటికీ మగ్గానికి కండెలు చుట్టే చెయ్యి ఆమెది.

"నూలు తెగితే నూల్ని తిట్టొద్దే. నాడె కన్ను తడిమి చూడు ముందు" అంది.

పేక నూలు నాడెలోంచి బయటికొచ్చే చోట చిన్న పింగాణీ కన్ను ఉంటుంది. దానికి పెచ్చు లేస్తే ఎంత మంచి నూలైనా తెగుతుంది. చిన్నప్పుడు నాయనమ్మ చిటికెన వేలి గోరు ఆ కంట్లో పెట్టి తిప్పి చూడడం నాకు కళ్లకు కట్టినట్టుంది.

జనవరి 11

బాబిన్ అంటే దారపు కండెను రెండు తీగ కాళ్ల మధ్య పట్టుకుని, సన్నటి గొట్టంలోంచి దారం వదిలే పనిముట్టు. గొట్టం మూతి మీద కాస్త దూది రాశాను. పోగులు పట్టుకున్నాయి. అక్కడ కంటికి కనపడనంత గరుకు ఉంది. తెగింది అక్కడే.

పింగాణీ గొట్టమున్న బాబిన్ ఒకటి కొన్నాను. దూది రాస్తే జారిపోయింది. తర్వాత కాళ్ల బిగువు చూసుకున్నాను. బాబిన్ గాల్లో వేలాడితే దారం తనంతట తాను జారకూడదు, వేలితో మెల్లగా లాగితే రావాలి. బిగువెక్కువైతే కాళ్లను కొద్దిగా వెడల్పు చేయాలి, తక్కువైతే దగ్గరికి వంచాలి. మూడుసార్లు సవరించాక కుదిరింది. ఈ రాత్రి ఒక్క పోగూ తెగలేదు.

జనవరి 18

పక్కింటి పెద్దాయన తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకుని వైసు ఎలా పరీక్షించాలో చూపించారు. పద్నాలుగో నంబరు ముల్లును వంపు దగ్గర దవడల మధ్య బిగించి, కంటి వైపు కొసను బొటనవేలితో కిందికి నొక్కారు. ముల్లు స్ప్రింగులా వంగి మళ్లీ లేచింది. దవడల్లో వెంట్రుకవాసి కదల్లేదు. నా వైసులో అదే ముల్లు ఒక్క నొక్కుకి తలవాల్చేసింది.

"దవడలు గట్టి ఉక్కువైతే చాలు, మిగతా హంగులు నీ ఇష్టం" అన్నారు. ముల్లును చుట్టూ తిప్పే రోటరీ వైసు సౌకర్యమే, వెనక వైపు చూడొచ్చు. కానీ తిరగడం కన్నా పట్టు ముఖ్యం. బల్ల అంచుకి బిగించే రకం గట్టిగా నిలుస్తుంది. బరువైన పీట ఉన్నదైతే ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు. నేను బల్లకు బిగించేదే ఎంచుకున్నాను. ఆయన వైసు థాంప్సన్ ఎ మోడల్. వెనకున్న మీట నొక్కితే దవడలు బిగుస్తాయి, అంతే. ఎన్నో ఏళ్లుగా ఆ ఒక్కదాని మీదే కడుతున్నారట.

జనవరి 25

కత్తెర. మొనలు సన్నగా ఉండాలి, కొస దాకా కలవాలి. తడి దారం ఒకటి మొనలతో మాత్రమే కోసి చూడాలి. నమిలితే ఆ కత్తెర వద్దు. వేలి కన్నాలు పెద్దవి కావాలి. కట్టేటప్పుడు కత్తెరను కింద పెట్టకుండా ఉంగరపు వేలికి తొడిగే ఉంచుకుంటే పని సాగుతుంది.

రాగి తీగ కోయాల్సొస్తే మొనలతో కాదు, కీలు దగ్గరున్న బ్లేడు మొదట్లో పెట్టి కోయాలి. అంతకన్నా మేలు, తీగకు వేరే పాత కత్తెర. నాన్న పట్టు కోసే కత్తెరను ఇంట్లో ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఇవాళ నేనూ నా కత్తెరకు ఎర్ర దారం కట్టి పక్కన పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 2

దారం నంబర్లు. 6/0 కన్నా 8/0 సన్నం. సున్నాలు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. మా ఇంట్లో నూలు లెక్కా ఇంతే, ఎనభయ్యో నంబరు కన్నా వందో నంబరు సన్నం. కానీ ఈ సున్నాల కొలత ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. అందుకే డెనియర్ చూడమంటారు: 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో అది. ఇక్కడ అంకె పెరిగితే లావు. మామూలు ఫ్లైలకు 70 డెనియర్ దగ్గరిది చాలు. అమ్మకు చెప్తే "పట్టు లెక్కేగా అది!" అంది.

ఫిబ్రవరి 9

పేరుమోసిన ఫ్లై జాలరి లీ వుల్ఫ్ అసలు వైసే లేకుండా వేళ్ల మధ్య ముల్లు పట్టుకుని ఫ్లైలు కట్టేవాడు. ఇంగ్లండులో ఏవన్ నది సంరక్షకుడు ఫ్రాంక్ సాయర్ తన ఫెజెంట్ టెయిల్ అనే ఫ్లైకు దారం బదులు సన్నటి రాగి తీగ వాడాడు. బరువూ అదే, కట్టూ అదే. చెయ్యి తెలిసినవాళ్లకు పనిముట్లు తక్కువే పడతాయి.

నేను ఈ వారం ఫ్లై చివర వేసే కట్టు, విప్ ఫినిష్, వేళ్లతో వేయడం నేర్చుకున్నాను. దారాన్ని దాని కొస మీదుగానే ఐదు చుట్లు వేసి, కొస లాగేస్తే కట్టు తనలోకి తానే బిగుసుకుంటుంది. ముడి కనిపించదు. దీనికోసం ఫ్రాంక్ మటరెల్లి చేసిన పనిముట్టు చాలా మందికి ప్రాణం. అయినా వేళ్లకు ముందు తెలిస్తే మంచిది.

ఫిబ్రవరి 20

గ్రిఫిత్స్ న్యాట్ కడుతున్నాను. ట్రౌట్ నీళ్లను కాపాడే సంస్థ ట్రౌట్ అన్‌లిమిటెడ్ స్థాపకుల్లో ఒకరైన జార్జ్ గ్రిఫిత్ పేరు మీదొచ్చిన ఫ్లై ఇది. నెమలి ఈక పోగు, చారల కోడి ఈక, దారం. అంతే. చలికాలపు చిన్న దోమల గుంపులా కనిపిస్తుంది.

నెమలి ఈక అనగానే "ఇక్కణ్ణుంచి పంపనా?" అంది అమ్మ. "వద్దమ్మా, మన దేశం నుంచి నెమలి ఈకలు పంపడం నిషేధం" అన్నాను. ఇక్కడ పెంచిన పక్షుల ఈకలు దొరుకుతాయి, అవి చాలు. నెమలి పోగు పెళుసు. నాలుగు పోగుల్ని దారంతో మెలిపెట్టి చుడితే చేప పళ్లకు తట్టుకుంటుంది.

మార్చి 8

పెట్టెలో వచ్చిన పదకొండింటిలో వాడుతున్నది ఒక్కటే, ఈక కొస పట్టుకునే చిన్న పటకారు. దాని దవడలకు సన్నటి రబ్బరు ముక్క తొడిగాక ఈకను కొరకడం మానింది. పిడి ఉన్న సూది, అంటే బాడ్కిన్, బదులు వెదురు పుల్లకు గుచ్చిన సూది. బొచ్చు కొసలు సరిచేసే గొట్టం ఇప్పుడే అక్కర్లేదు, జింక వెంట్రుకలు కట్టే రోజున కొనుక్కోవచ్చు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అడిగితే చెప్పేది ఇదీ: డబ్బు మూడింటి మీద పెట్టండి. ముల్లును పట్టేది, దారాన్ని వదిలేది, దారాన్ని కోసేది. మంచి దీపం ఒకటి పెట్టుకోండి. మిగతావి చెయ్యి అడిగినప్పుడు కొనండి.

మార్చి 22

స్ప్రింగ్ క్రీక్ మీద ఫిషర్‌మాన్స్ పారడైజ్ దగ్గర మధ్యాహ్నం నీటి మీద చిన్న చిన్న సుడులు. నా గ్రిఫిత్స్ న్యాట్‌కు మూడు బ్రౌన్ ట్రౌట్లు వచ్చాయి. మూడింటినీ చేతులు తడుపుకుని పట్టుకుని, ముల్లు తీసి నీళ్లలోకి వదిలేశాను.

మూడో చేప నోట్లోంచి వచ్చాక ఫ్లైని వెలుతురుకు పట్టి చూశాను. కోడి ఈక సగం ఊడింది. నెమలి పోగు ఒకచోట తెగి, లోపలి దారం చుట్లు బయటపడ్డాయి. ఫొటో తీసి అమ్మకు పంపాను. అక్కడ అర్ధరాత్రి. పొద్దున లేచి పెద్దది చేసి చూసుకుని ఫోన్ చేసింది.

"ఈక పోయింది గానీ, పేక కదల్లేదే" అంది.