కాలమైన్ ఊళ్లో పసుపు పువ్వు

చిన్నప్పుడు చెమటకాయలకు అమ్మ పూసిన గులాబీరంగు కాలమైన్ లోషన్ గుర్తుందా? ఆ పేరుతో ఒక ఊరుంది. బెల్జియంలోని కెల్మిస్‌ను ఫ్రెంచిలో లా కాలమైన్ అంటారు. కాలమైన్ అంటే జింకు ఖనిజం. జర్మనీలో ఆఖెన్‌లో చదువుతున్న మా అక్క కొడుకు దగ్గర పది రోజులున్నాను. ఒక ఆదివారం వాణ్ని నిద్రలేపి బస్సెక్కించాను. దేశం మారిన సంగతి ఫోనుకొచ్చిన మెసేజి చెప్పింది.

"అందరూ పారిస్ చూస్తమంటరు. నువ్వు మూతపడ్డ గని చూస్తనంటవేంది మామా?" అన్నాడు వాడు.

ఈ గని కోసం దేశాలు కొట్లాడుకున్నాయి. ప్రష్యా, నెదర్లాండ్స్ వాటా తేలక 1816లో దీన్ని ఏ ఒక్కరిదీ కాకుండా వదిలేశాయి. న్యూట్రల్ మోరెస్నెట్ అనే ఆ మూడున్నర చదరపు కిలోమీటర్ల జాగా వందేళ్లపాటు గట్టుతగాదాలో పడ్డ చెలకలా మిగిలిపోయింది. 1908లో మోలీ అనే డాక్టరు దాన్ని ఎస్పెరాంతో భాష మాట్లాడే దేశంగా చేద్దామని కూడా చూశాడు. 1920లో బెల్జియంలో కలిసింది. అప్పటికే ఖనిజం అయిపోయింది. మట్టిలో కలిసిన లోహం మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఊరు దాటాక చుట్టూ మోకాలెత్తు పచ్చిక. ఒక్క దిబ్బ మీద మాత్రం గడ్డి పాదం మునిగేంత కూడా లేదు, మధ్యమధ్య బోడి మట్టి. అక్కడే కనిపించాయి, బొటనవేలి గోరంత పసుపు పువ్వులు. జర్మన్లు గాల్మై వయొలెట్ అంటారు. మోకాళ్ల మీద కూర్చుని చూశాను. కింది రేకు మీద కాటుక పుల్లతో గీసినట్టు సన్నటి నల్ల గీతలు. పక్కన గుండు గుండుగా గులాబీరంగు ఆర్మేరియా, పువ్వు కింద బుడగలాంటి సంచి ఉన్న తెల్లటి సైలీన్.

"గింత పువ్వు కోసమా?"

"కొయ్యకు. ఇది లోహమున్న మట్టిలోనే బతుకుతది. కనబడిందంటే కింద జింకు ఉన్నట్టే."

పెన్నీక్రెస్ అని ఇంకో మొక్క ఉంది, ఆవాల కుటుంబానిది. దాని ఎండుటాకు కిలోలో పది గ్రాములకు మించి జింకు పేరుకోగలదు. సీసం, జింకు గనుల దగ్గరి నేలలకు ఇవన్నీ సాక్షులే. కానీ నిజం చెప్పాలంటే, నా కన్ను పడింది బాట పక్కన అందరూ తొక్కే డాండెలియన్ మీద. వయొలెట్ లోహం ఉందని చెబుతుంది, ఎంతో చెప్పదు. పైగా అది ఇలాంటి చోట్లే ఉంటుంది. డాండెలియన్ బడి ముందూ, రైలు పట్టాల పక్కనా, పొలం గట్టు మీదా ఉంటుంది కాబట్టి చోటుకీ చోటుకీ పోల్చొచ్చు. అందుకే ఐరోపాలో చాలాచోట్ల దీని ఆకులు కోసి సీసం, కాడ్మియం కొలిచారు.

"మట్టినే పరీక్షిస్తే అయిపోదా?" అన్నాడు వాడు. ఇంజనీరింగ్ చదువు కదా, అడ్డదారి వెతుకుతాడు.

ల్యాబులో మట్టిని ఘాటు ఆమ్లంలో మరిగిస్తే దాదాపు ఉన్నదంతా లెక్కకొస్తుంది. అందులో వేరుకు అందేది ఎంత? పుల్లటి నేలలో కాడ్మియం సులువుగా ఆకుకెక్కుతుంది, సున్నపు నేలలో చాలావరకు మట్టినే పట్టుకుని ఉంటుంది. పశువు మేసేదీ, మనం వండుకునేదీ ఆకునే. అయితే ప్రతి మొక్కనూ నమ్మకూడదు. అలన్ బేకర్ అనే శాస్త్రవేత్త 1981లో మొక్కల్ని మూడు రకాలుగా చెప్పాడు: లోహాన్ని కూడబెట్టేవి, మట్టిలో ఉన్నదానికి తగ్గట్టు తీసుకునేవి, పైకి రానీయకుండా వేరు దగ్గరే ఆపేవి. మూడో రకం ఆకును అడిగితే మట్టి బాగుందనే చెబుతుంది.

ఈ చదువంతా నేను సిగ్గుపడి నేర్చుకున్నదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో రోడ్డు పక్క తోటకూర కోసుకొచ్చి, కడగకుండా డాబా మీద ఎండబెట్టి పొడి చేశాను. సీసం భయంకరంగా తేలింది. మా పెద్దాయన అదే చోటి కూరను ట్యాపు కింద కడిగి, ఆపైన డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఓవెన్‌లో పెట్టి మళ్లీ చేయించాడు. అంకె సగానికి సగం పడిపోయింది. నేను కొలిచింది మట్టిని కాదు, లారీల దుమ్మును. ఆ తర్వాత ఇంకోసారి జింకు పూత బకెట్లో ఆకులు కడిగి తిట్లు తిన్నాను, అది వేరే కథ.

తిరుగు బస్సు కోసం నిలబడ్డాం. వాడు చాలాసేపు మాట్లాడలేదు.

"మామా, పీర్జాదిగూడ దగ్గర మూసీ నీళ్లతో పారాగడ్డి పెంచుతరు కదా. అమ్మమ్మకు పాలు పోసే ఆయన బర్రెలు ఆ గడ్డే తింటయి."

"ఊఁ."

"దాన్ని ఎవరన్నా కడిగి చూసిండ్రా?"

బస్సు వచ్చింది. ఎక్కేముందు వాడు బూట్లు రెండూ పేవ్‌మెంటు అంచుకేసి గట్టిగా రుద్దాడు.