వాత

షటిల్ ఆడుతుంటే వెనకనుంచి ఎవరో తన్నారనుకున్నాను. తిరిగి చూస్తే ఎవరూ లేరు. నెట్ దగ్గర నిలబడ్డ నా పార్ట్‌నర్ “ఆ సౌండేంట్రా?” అన్నాడు. మడమ పైన ఉండే అకిలిస్ టెండన్ తెగినవాళ్ళలో చాలామంది అచ్చం ఇదే చెప్తారని తర్వాత చదివాను: ఎవరో తన్నినట్టు, టప్‌మని చప్పుడు. ముప్పై ఆరేళ్ళు, వారమంతా కుర్చీ, ఆదివారం పొద్దున మాత్రం పి.వి. సింధు. నాకు ప్రత్యేకంగా జరిగిందేమీ లేదన్నమాట.

ఫోన్లో అమ్మ “నరం తెగిందా నాయనా?” అంది. కాదమ్మా, టెండన్ అన్నాను. తెలుగులో దీనికి స్నాయుబంధనం అనే పాఠ్యపుస్తకం మాట ఒకటుంది, నేనెప్పుడూ ఎవరి నోటా వినలేదు. మనకి రక్తనాళమూ నరమే, కండరాన్ని ఎముకకి కట్టే తాడూ నరమే, అసలు నరమూ నరమే. ‘నరం’ అనే మాటతోనే ఆమె నాలుగు రాత్రులు ఏడ్చింది కాబట్టి సరిదిద్దడం ఆపేశాను.

కుట్టేశారు. పిండికట్టు, తర్వాత మడమ కింద మెత్తలు పెట్టిన పెద్ద బూటు, తర్వాత ఫిజియో. ఎనిమిది నెలలైంది. నడుస్తున్నాను, మెట్లెక్కుతున్నాను. కానీ ఈ గాయానికి ఒక పరీక్ష ఉంది: గోడకి చెయ్యి ఆనించి, దెబ్బతిన్న కాలొక్కదాని మీదే నిలబడి మడమ పైకెత్తాలి. ఒక్కసారంటే ఒక్కసారి కూడా ఎత్తలేకపోయాను. మెదడు చెప్తోంది, పిక్క కదులుతోంది, మడమ మాత్రం నేలకి అతుక్కున్నట్టే ఉంది. సర్జన్ “ఏడాది ఆగండి, ఇంకా పడుతుంది” అన్నాడు. ఆ మాట అప్పటికి మూడోసారి విన్నాను.

అలాంటి రోజుల్లోనే ఒక క్లినిక్‌కి వెళ్ళాను. పేరెందుకులెండి. ఏసీ, లావెండర్ వాసన, కౌన్సెలర్ అనే అమ్మాయి. తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, మిషన్లో తిప్పి, అందులోని మూలకణాల్ని అదే రోజు మడమలోకి ఎక్కిస్తారట. లక్షా ఎనభై వేలు. పదివేలు అడ్వాన్సు, తిరిగి ఇవ్వరు. “మీ సెల్సే సార్, మీకే. రేసు గుర్రాలకి కూడా ఇదే చేస్తారు” అంది. పదివేలు కట్టేసి వచ్చాను. పుస్తకాల మీద సమీక్షలు రాసి, రచయితలు ఆధారాలు చూపలేదని గొణిగే మనిషిని. ఆ పూట నేనే ఏ ఆధారమూ అడగలేదు.

గుర్రాల మాట మాత్రం బుర్రలో ఉండిపోయింది. నేనుండేది మలక్‌పేటలో. రేస్ కోర్స్ గోడ పక్కనుంచి రోజూ క్యాబ్‌లో వెళ్తూ కూడా లోపల పరిగెత్తేవాటి కాళ్ళ గురించి ఎన్నడూ ఆలోచించలేదు. ఆ రాత్రి కూర్చుని చదివాను.

విషయం నిజమే. గుర్రం ముందుకాలి వెనకభాగంలో ఉండే టెండన్ రేసుల్లో తరచూ దెబ్బతింటుంది. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీలో రోజర్ స్మిత్ బృందం గుర్రం మూలుగలోంచి కణాలు తీసి, పెంచి, తిరిగి ఆ టెండన్‌లోకి ఎక్కించే పద్ధతిని 2003లో ప్రచురించింది. 2012లో ఇలా వైద్యం చేసిన 113 రేసు గుర్రాల లెక్క వచ్చింది. వాటిలో మళ్ళీ గాయపడ్డవి సుమారు 27 శాతం. అంతకుముందు ఇతర వైద్యాల గురించి ప్రచురించిన లెక్కలతో పోలిస్తే ఇది బాగా తక్కువ.

ఇక్కడిదాకా చదివి సంతోషపడ్డాను. తర్వాత పద్ధతి రాసిన భాగం చదివాను. అక్కడ కణాల్ని అదే రోజు ఎక్కించరు. మూలుగలో మనక్కావలసిన రకం మూలకణాలు పదివేలకి ఒకటి కూడా ఉండకపోవచ్చు, అందుకని వాటిని ల్యాబ్‌లో వారాల తరబడి పెంచి కోటిదాకా చేస్తారు. ఇంకో సంగతి. ఇంజెక్షన్ అయ్యాక గుర్రానికి ఏడాదికి దగ్గరగా కట్టుదిట్టమైన వ్యాయామం ఉంటుంది. మొదట నడక, తర్వాత కొంచెం ఎక్కువ నడక, చాలా కాలానికి పరుగు. అంటే మా సర్జన్ చెప్పిందే. గుర్రానికి కూడా “ఏడాది ఆగండి” అనే చెప్పారు, పాపం అది వాదించలేదు.

ఎందుకంత ఆలస్యం? టెండన్ అంటే కొలాజెన్ అనే ప్రోటీన్ పోగుల్ని ఒకే దిశలో పేనిన తాడు. పోగులు వరసగా ఉన్నంత కాలం అది మన బరువుకి కొన్ని రెట్లు మోస్తుంది. తెగితే శరీరం వెంటనే అతుకు వేస్తుంది, కానీ ఆ అతుకులో పోగులు వడ్లు ఆరబోసినట్టు అడ్డదిడ్డంగా ఉంటాయి. అది మచ్చ. పాత తాడు మాత్రం తిరిగి రాదు.

2013లో వచ్చిన ఒక డెన్మార్క్ పరిశోధన చదివి కాసేపు లాప్‌టాప్ మూసేశాను. 1950లు, 60ల అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 పెరిగింది కదా. దాని జాడ పట్టుకుని, వేర్వేరు సంవత్సరాల్లో పుట్టినవాళ్ళ అకిలిస్ టెండన్లు ఎప్పుడు తయారయ్యాయో లెక్కగట్టారు. మధ్యభాగం దాదాపుగా మొదటి పదిహేడేళ్ళలోనే తయారై, తర్వాత మారదని తేలింది. అంటే ఆ కోర్టులో తెగింది నా ఇంటర్ సెకండియర్ నాటి తాడు. ఎంసెట్ కోసం హాస్టల్లో ఉంటూ, ఆటల పీరియడ్ కూడా లేకుండా తయారుచేసుకున్న తాడు.

ఇక ఆ కణాలకి పని నేర్పి పంపించే ప్రయత్నాలున్నాయి. మూలకణం ఏదైనా కాగలదు, ఎముక, కొవ్వు, మృదులాస్థి. మామూలుగా ఎక్కిస్తే టెండన్ అవుతుందన్న హామీ లేదు. న్యూయార్క్‌లో గులోటా, రోడియో అనే సర్జన్లు 2009లో ఎలుకల భుజం టెండన్లు కుట్టి మామూలు మూలకణాలు పెట్టారు. ఏ తేడా రాలేదు. 2011లో స్క్లెరాక్సిస్ అనే జన్యువు చేర్చిన కణాలు పెట్టారు. శరీరంలో టెండన్‌గా మారబోయే కణాలు వాడే జన్యువు అది. నాలుగు వారాలకి అతుకు గట్టిగా వచ్చింది. బీఎంపీ-13 అనే ఇంకో జన్యువుతోనూ చూశారు, పనిచేయలేదు. అది కూడా ప్రచురించారు. సాహిత్యంలో కూడా ఓడిపోయిన ప్రయోగాల్ని ఇలా అచ్చువేసే పత్రిక ఒకటుంటే బాగుండు.

నాకు బాగా నచ్చింది 2006 నాటి జర్మనీ, జెరూసలేం బృందాల పని. బీఎంపీ-2 అనే సంకేతం ఇస్తే మూలకణం ఎముక అవుతుంది. మడమ తాడులో ఎముక మొలిస్తే ఇంకేముంది! వీళ్ళు ఆ సంకేతంతో పాటు, ఎప్పుడూ ఆన్‌లో ఉండేలా మార్చిన స్మాడ్-8 అనే ప్రోటీన్‌ని కూడా కణంలో పెట్టారు. అప్పుడు ఎముక దారి మూసుకుని, కణాలు టెండన్ లాంటి కణజాలం అయ్యాయి. ఎలుక అకిలిస్ గాయం కూడా పూడింది. ఇంజనీర్ని కదా, కాన్ఫిగ్ ఫైల్లో ఒక ఫ్లాగ్ మార్చినట్టుందే అని ఎగిరి గంతేశాను (ఒంటికాలి మీద కాదు). కానీ మా కోడ్ తప్పైతే రోల్‌బ్యాక్ చేస్తాం. ఎప్పుడూ ఆన్‌లో ఉండే సంకేతం పెట్టిన కణాన్ని మనిషి మడమలో వదిలాక వెనక్కి పిలవలేం. అది గడ్డ కట్టదని తేల్చడానికే ఏళ్ళు పడుతుంది. అందుకే అవి ఎలుకల్లో ఆగాయి. లావెండర్ గదిలో అమ్మేది అది కాదు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం రక్తసంబంధ జబ్బుల్లాంటి ఆమోదించిన కొన్నిటికి తప్ప, అనుమతి పొందిన ప్రయోగం బయట మూలకణాల్ని వైద్యంగా ఇవ్వకూడదు కూడా.

ఇంత చదివీ ఇంజెక్షన్ అపాయింట్‌మెంట్ రద్దు చేయలేదు. పదివేల గురించి కాదు. ఏదో ఒకటి చేయించుకోవాలన్న దురద.

శనివారం నాన్నకి ఫోన్ చేసినప్పుడు గుర్రాల సంగతి చెప్పాను. ఇంగ్లండ్‌లో వందల ఏళ్ళపాటు గుర్రం టెండన్ వాస్తే ఎర్రగా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టేవారనీ, 1983లో బ్రిస్టల్ పరిశోధకులు దానివల్ల ఏ లాభమూ లేదని తేల్చారనీ చెప్తుంటే ఆయన నవ్వాడు.

“మన ఎద్దుకీ పెట్టాం కదరా. నువ్వు అప్పటికి పుట్టలా.”

పొదిలి దగ్గర మా ఊళ్ళో తాతకి ఒంగోలు జత ఉండేది. అందులో ఒకటి దుక్కిలో కాలు మడతపడి వెనక నరం (నరమే అన్నాడు) వాచిపోయింది. వాతలేసే మనిషిని పిలిచి కొడవలి కాల్చి మూడు వాతలు వేయించారు. కాలిన వాసన ఇప్పటికీ గుర్తుందట.

“తగ్గిందా?”

“తగ్గింది. వాత పుండు మానేదాకా కాడి మెడ మీద పెట్టకూడదు గదా. రెండు నెలలు కొట్టంలోనే ఉంది.”

“అయితే వాత వల్ల తగ్గలేదు నాన్నా. రెండు నెలలు పని చెప్పకపోవడం వల్ల తగ్గింది.”

“అయి ఉండొచ్చు. కానీ వాత పెట్టకపోతే మీ తాత దాన్ని రెండు రోజులైనా ఊరికే ఉంచేవాడా?”

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ ఎద్దు మళ్ళీ దున్నిందా అని అడిగాను. దున్నింది గానీ, అంతకుముందు వలపట కట్టేదాన్ని దాపటకి మార్చారట. చచ్చేదాకా కొంచెం కుంటుతూనే ఉండేదట.

సోమవారం క్లినిక్‌కి ఫోన్ చేసి రావట్లేదన్నాను. అమ్మాయి మర్యాదగా అడ్వాన్సు సంగతి గుర్తుచేసింది. ఫిజియో మాత్రం మారలేదు: రోజుకి రెండుసార్లు, వంటింటి గట్టు పట్టుకుని, రెండు కాళ్ళ మీద లేచి ఒక కాలి మీద దిగడం. పదకొండో నెలలో ఒక రాత్రి పాలు కాగుతుంటే, గట్టు మీద వేళ్ళు ఆనించి ఊరికే ప్రయత్నించాను. మడమ కింద ఓ వేలు దూరేంత సందు వచ్చింది. రెండోసారి రాలేదు. పాలు పొంగాయి.